పసుపు పూసిన గాజుగొట్టం

అయ్యా,

నువ్వు పోయాక రంగూన్‌లో ఇది మొదటి దసరా. హోటల్లో వేడినీళ్ళ బాయిలరు దగ్గర నీ పనే నేర్చుకుంటున్నాను. ఇవాళ ఆయుధపూజ చేశాం. బొగ్గు వేసే అప్పన్న మావయ్య భక్తి కొద్దీ బాయిలరంతా పసుపు పూశాడు, లోపల నీళ్ళెంత ఉన్నాయో చూపే గాజుగొట్టానికి కూడా. మంట పెంచాక నీటిమట్టం చూద్దామని గుడ్డ తీసుకున్నాను.

"అమ్మోరి పసుపు తుడిసేత్తావేట్రా?" అన్నాడు మావయ్య.

"నీరెంతుందో అవుపడ్డం నేదు మావా."

తుడిస్తే గొట్టంలో చుక్క లేదు. కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే బాయిలరు పేలుతుందని నువ్వే చెప్పావు. అందుకే నీళ్ళు వదలకుండా నిప్పంతా బయటికి లాగేశాను. పై అంతస్తుల్లో దొరలు చన్నీళ్ళు పోసుకుని మేనేజరు మీద అరిచారు. ఆయన నా మీద అరిచాడు. మావయ్య చాలాసేపు ఆ గాజు వంకే చూసి, "మీ అయ్యుంటే దీనికి పసుపంటనిచ్చీవోడు కాడు" అన్నాడు.

తర్వాత అందరూ ప్రసాదానికి వెళ్ళారు. నేను ఆగిపోయాను. నిశ్శబ్దం అనే మాటను ఈమధ్యే పుస్తకంలో చదివి, బాగుందని పదేపదే రాసుకున్నాను. నీ బాయిలరు చల్లారినప్పుడు దాన్ని మొదటిసారి విన్నాను.