పరీక్షల రోగి

అన్నా,

నువ్వు పోయి ఏడాదయింది. గుండె జబ్బున్న నిన్ను ఎనిమిదేళ్లు మెడికల్ కాలేజీ వాళ్లు విద్యార్థుల పరీక్షల్లో రోగిగా చూపేదానికి నగరి నుంచి పిలిపించినారు. నిన్ను చూసి జబ్బేందో కనుక్కోవాల్సిన వాళ్లకు దాని పేరు నువ్వే గుసగుసగా చెప్పేవాడివి.

"నువ్వే చెప్పేస్తే వాళ్లేం నేర్చుకుంటారన్నా?" అంటే, "పిల్లోళ్లు బయపడతా ఉండారబ్బా, పాసయిపోనీ" అని నవ్వినావు.

ఈసారి పద్ధతి మార్చినారు. పరీక్ష రోజు ఉదయమే ఆస్పత్రికొచ్చిన కొత్త రోగులను పరీక్షకు పెట్టినారు. వచ్చే ఏడూ ఇట్లే చేస్తారో లేదో తేల్చలేదు. మా పేపరుకు వార్త రాయడానికి నేను పోయినాను. ఒకమ్మాయి, "యాడ నొప్పి పెద్దాయనా?" అంటా చంద్రగిరి రైతు కడుపంతా తడిమి చూసింది.

నిన్ను తీసుకుపోయింది గుండె కాదు, కడుపులో గడ్డ. నీ ఎద మీద స్టెతస్కోపు పెట్టిన అంతమందిలో ఒక్కరూ నీ కడుపు తడమలేదు. వాళ్లకు కావలసిన జవాబు నువ్వే ముందుగా చెప్పేసినావు.