లారీ సీటు గుడ్డతో కుట్టిన ప్యాంటు

సాలూరు

అక్కకు, నీ చెల్లెలు నూకాలు దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వు, బావ, పిల్లలు అందరూ బాగున్నారని తలుస్తున్నాను. మీ అత్తకు కళ్ల మసక తగ్గిందా? తగ్గకపోయినా తగ్గిందనే చెబుతుంది, నువ్వే దగ్గరుండి చూపించు.

ఫోను చేతిలో ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వుతావేమో. ఫోనులో అయితే నీ మరిది పక్కనే కూర్చుంటాడు. నేను ఒక మాట మొదలుపెడితే తను పూర్తి చేస్తాడు, చివరికి ఫోను లాక్కుని తన కథ తనే చెప్పుకుంటాడు. మొన్న బావతో చెప్పిందీ అలాంటిదే. "సాలూరు మొత్తమ్మీద నాలాగ బోల్టు బిగించేవోడు లేడు బావా, మేస్త్రే కబురెట్టి బతిమాలినాడు" అన్నాడట కదా. అది అలా జరగలేదు. అసలు జరిగింది నీకొక్కదానికే రాస్తున్నాను. బావకు చదివి వినిపించకు.

ఇక్కడ సముద్రం లేదక్కా. ఎటు చూసినా లారీలే. కోడి కూతకు బదులు ఇనుము మీద సుత్తి దెబ్బలకు లేస్తాం. సాయంత్రమైతే కొండల మీంచి చలి దిగుతుంది, మన చలిలా తడిగా ఉండదు, గీరినట్టుంటుంది. చేపలు దొరుకుతాయి గానీ మంచులో కప్పెట్టి తెచ్చినవి. మొదటిసారి తెచ్చినప్పుడు నీ మరిది ఆ చేప కళ్లలోకి చూసి, "దీన్ని కూర వొండుతావా, కర్మ సేస్తావా?" అని అడిగాడు. అయినా తిన్నాడులే. మా గురించి బెంగ పెట్టుకోకు.

ఆయన పని లారీలకు బాడీ కట్టే షెడ్డులో. ఇనప చట్రం మీద పలకలు పరిచి బోల్టులు బిగించాలి. పొద్దంతా మోకాళ్ల మీదే. పడవలో పుట్టి పెరిగినవాడు ఊగుతూ నిలబడమంటే నిలబడతాడు గానీ, మోకాళ్ల మీద దేకడం ఎప్పుడు చేశాడు? వచ్చిన కొద్దిరోజులకే మోకాళ్లు ఉబ్బిపోయాయి. చర్మం లేచిపోయి, పుండ్లు పడి, ప్యాంటు గుడ్డ వాటికి అంటుకుపోయేది. అడిగితే "ఏటీ లేదే" అనేవాడు. అన్నం తిని లేవాలంటే మాత్రం గుమ్మం పట్టుకుని "హైలెస్సా" అంటూ తనను తనే పైకి లాక్కునేవాడు.

షెడ్డు మేస్త్రి పేరు పైడిరాజు. ఎప్పుడు చూసినా చేతులు వెనక్కి కట్టుకుని, నిలబడి అరుస్తూ ఉంటాడు. ఒకరోజు నీ మరిది పలక మీదే కూలబడిపోతే, "ఈ వారం సూస్తాను. ఆ తరవాత నీ దారి నువ్వు సూసుకో" అనేశాడు.

దారి అంటే ఏ దారో నీకు తెలుసు. గుజరాత్ బోట్లకు మనవాళ్లను బ్యాచీలుగా తీసుకెళ్లే అప్పన్న అప్పటికే ఫోను మీద ఫోను చేస్తున్నాడు. వెళితే మళ్లీ ఎండాకాలం చివరికే రాక. బావ అలా వెళ్లిన ఏళ్లలో నువ్వెలా ఉండేదానివో నేను చూశాను. పైకి నవ్వుతూనే ఉండేదానివి, కూరలో మాత్రం రెండుసార్లు ఉప్పు వేసేదానివి.

నేను లారీ సీట్లు కుట్టే షాపులో చేరానని చెప్పాను కదా. షాపు పార్వతమ్మ గారిది. సీటు కుట్టగా మిగిలిన స్పాంజి ముక్కలు, రెగ్జిను పేలికలు మూలన కుప్పగా పడి ఉంటాయి. "తీసుకోనా అమ్మా" అంటే "అడ్డు పోతాది, పట్టుకుపో" అంది. నీ మరిది పాత ప్యాంటు తీసి, మోకాళ్ల దగ్గర ఇంత మందాన స్పాంజి పెట్టి, పైన ఎర్ర రెగ్జిను వేసి కుట్టేశాను. లారీ డ్రైవరు రోజంతా కూర్చున్నా నొప్పెట్టని సీటు కుట్టగలిగినదాన్ని, నా మొగుడి మోకాళ్లకు కుట్టలేనా అనుకున్నాను.

కుట్టలేకపోయాను. అది వేసుకుంటే కాలు వంగదు. కొయ్యకాళ్ల మనిషిలా నడిచాడు. నడుస్తుంటే రెండు మోకాళ్లూ రాసుకుని కిర్రు కిర్రుమంటుంటే వీధికుక్క వెంటపడింది. పరిగెడదామంటే కాళ్లు వంగవాయె.

"ఒసే, నానేటి లారీనా, సీట్లేసినావు?" అని కేకలు.

"లారీ అయితే ఇన్ని మాటలాడదు కదా మావా" అన్నాను.

తర్వాత బుద్ధిగా కొలత తీశాను. చాప మీద మోకాళ్లేసి కూర్చోమని, నేలకు ఆనినచోట సుద్దముక్కతో గీత పెట్టాను. బరువంతా చిప్ప మీద కాదక్కా, దాని కిందనున్న ఎముక మీద పడుతోంది. స్పాంజి పలచన చేసి కిందికి దించాను. కాలు వంగడానికి రెండు పక్కలా మడతలు పెట్టాను. ఉతికేటప్పుడు స్పాంజి తీసేయడానికి జేబులా పైన తెరిచి ఉంచాను. రంగు మాత్రం మళ్లీ ఎరుపే దొరికింది, దానికి పసుపు కుచ్చులు కూడా ఉన్నాయి. అందంగా ఉన్నాయని ఉంచేశాను.

ఆ కుచ్చులే కొంప ముంచాయి. నీ మరిది షెడ్డులో అడుగుపెట్టగానే ఒకడు నోటితో పాం పాం అన్నాడట. ఇంకొకడు "రివర్సొస్తంది, తప్పుకోండ్రా" అన్నాడట. ఎవడో వీపు మీద సుద్దతో "సౌండ్ హారన్" అని రాసేశాడు. అది చూసుకోక ఈయన దానితోనే టీ కొట్టుకు వెళ్లొచ్చాడు. తెలిశాక ఒళ్లు మండి, ప్యాంటు విప్పి షెడ్డు రేకుల మీదికి విసిరేసి, మధ్యాహ్నం ఎండలో తువ్వాలు చుట్టుకుని ఇంటికొచ్చాడు.

"నానింక ఆ షెడ్డుకి ఎల్లను. అప్పన్నకి వస్తనని సెప్పీసినాను" అని సంచి తీసుకుని బట్టలు సర్దడానికి కింద కూర్చున్నాడు. సర్ది, లేచాడు. గుమ్మం పట్టుకోలేదు, హైలెస్సా అనలేదు. అది నేను చూశాను, ఆయన చూసుకోలేదు. ఒక్కపూట వేసుకున్నందుకే ఆ ప్యాంటు పనిచేసిందన్నమాట.

మర్నాడు షాపులో మిషను ముందు కూర్చున్నాను గానీ కుట్టు వంకరలు పోతోంది. పార్వతమ్మ గారు భోజనానికి ఇంటికెళ్లింది. అప్పుడొచ్చాడు పైడిరాజు మేస్త్రి, చంకలో కాగితం పొట్లంతో. విప్పితే రేకుల మీదికెళ్లిన ప్యాంటు.

"ఇది నువ్వు కుట్టిందేనా?"

తిడతాడనుకుని లేచి నిలబడ్డాను. అతను వీధి ఇటూ అటూ చూసి, తన ప్యాంటు మోకాళ్ల పైదాకా మడిచాడు. నీ మరిది మోకాళ్లే నయం అక్కా. ఆ మోకాళ్లు రెండూ పనసకాయల్లా ఉన్నాయి. ఈ మనిషి ఎప్పుడూ నిలబడే ఎందుకు అరుస్తాడో అప్పుడర్థమైంది. కూర్చుంటే లేవలేడు.

"మనవరాలొచ్చింది" అన్నాడు గొంతు తగ్గించి. "గుర్రమాట ఆడమంటాది. గుర్రానికి జొరమొచ్చిందని సెప్పినాను. మందెయ్యి తాతా అంటన్నాది. ఇంకేటి సెప్పను? నాకూ ఇలాటిదొకటి కుట్టు. నల్లదేసి కుట్టు, ఈ కుచ్చులొద్దు. షెడ్డులో ఎవులికీ తెలవకూడదు."

"అలాగే బాబూ. మరి మా ఆయన సంగతి..."

"ముందు గుర్రం సంగతి సూడు."

కుట్టాను. నా చేతిలో ఉన్న పనితనమంతా అందులోనే పెట్టాను. మర్నాడు సాయంత్రం వాళ్లింటికి పట్టుకెళ్లాను. మేస్త్రి లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. ఆయన భార్య ఇచ్చిన టీ అరుగు మీద తాగుతుంటే లోపల్నుంచి సకిలింపు వినబడింది. తలుపు సందులోంచి చూద్దును కదా, మేస్త్రి నాలుగు కాళ్ల మీద ఉన్నాడు. వీపు మీద మనవరాలు గుంట కూర్చుని, తాత మెడలోని తువ్వాలు కళ్లెంలా పట్టుకుని అదిలిస్తోంది. అతను నన్ను చూశాడు. ఆగిపోయాడు. ఆ కింద నుంచే, షెడ్డులో అరిచే గొంతుతోనే అన్నాడు:

"ఏటి సూస్తన్నావు? మీ ఆయన్ని రేపు బేగి రమ్మను. బోల్టులు అలాగే ఉండిపోనాయి."

"గుర్రం మాటాడకూడదు తాతా" అని గుంట డొక్కలో ఒక్క తన్ను తన్నింది. మేస్త్రి మళ్లీ సకిలించాడు.

ఇంటికొచ్చి "మేస్త్రి రమ్మన్నాడు, బోల్టులు ఉండిపోయాయట" అన్నాను. మాటిచ్చాను కదా, అంతకంటే చెప్పలేదు. నీ మరిది సర్దిన సంచి పక్కకు నెట్టి, "నాను లేపోతే అవదని తెలిసొచ్చినాదన్నమాట" అన్నాడు. ఛాతీ ఇంత వెడల్పయింది. మేస్త్రి నా దగ్గర వదిలేసిన ఆ ప్యాంటే కుచ్చులు పీకేసి వేసుకెళ్లాడు. మేస్త్రి అందరి ముందూ, "నవ్వినోడు రేపట్నించి పలకలు మోస్తాడు" అన్నాడట. ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు వాళ్లే పాత ప్యాంట్లు చంకన పెట్టుకుని నా దగ్గరకొస్తున్నారు. పార్వతమ్మ గారు ఒకటి సీటు కవర్ల మధ్య వేలాడదీసింది. మొన్నొక డ్రైవరు అది ఏ మోడల్ బండికని అడిగాడు.

నీకు కూడా కుడతాను అక్కా. ఇసుకలో మోకాళ్లేసి చేపలు ఎండబెడతావు, నీ నొప్పులు నాకు తెలియవా. చీర లోపల కనబడకుండా మోకాలికి తొడుక్కునే గొట్టంలా కుడతాను. మోకాలి చుట్టూ దారం చుట్టి, ముడి వేసి పంపు. సాలూరు వచ్చే లారీ ఏదైనా ఉంటే దాంతోపాటు ఎండు నెత్తళ్లు కూడా పంపు. ఇక్కడి ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూర బాగా వండుతారు గానీ ఆ వాసన వస్తే కిటికీలు వేసుకుంటారు.

మీ అత్తకూ మన వీధి పెద్దలందరికీ నా దండాలు. పిల్లలకు ముద్దులు. మా ఇద్దరినీ నిండుగా బతకమని దీవించమను.

ఇంకొక్క మాట రాసి ఆపేస్తాను. మొన్న ఆదివారం అప్పన్న వచ్చాడు, వస్తానన్నవాడు ఎందుకు రావడం లేదో కనుక్కుందామని. నేను లోపల బియ్యం ఏరుకుంటున్నాను.

"రానురా" అన్నాడు నీ మరిది.

"మోకాళ్లా? బోటు మీద మోకాళ్లతో పనేటుంది?"

"మోకాళ్లు కాదురా. మా ఇంటిదానికి ఒక్కద్దీ పడుకోవాలంటే బయ్యం."

నాకు భయమేమిటి అక్కా? చిన్నప్పుడు మన వలల కొట్టంలో దూరిన పామును తోక పట్టుకుని బయటికి విసిరినదాన్ని. అప్పన్న గుమ్మంలోంచి తొంగిచూసి, "నిజమేటి నూకాలూ?" అని అడిగాడు.

"అవును అన్నా, మా సెడ్డ బయ్యం" అన్నాను.

నీ మేలు కోరుకునే
చెల్లెలు నూకాలు