చీనీతోటలో లైమ్

25 అక్టోబర్ 1978
కోత అయిపోయింది. ఆడవాళ్లంతా లారీ ఎక్కి కుప్పం వెళ్లిపోయారు. పుంగనూరు పక్కన ఈ చీనీతోటలో ఇక కాపలా రామప్ప దగ్గు తప్ప చప్పుడు లేదు.

ఈసారి బత్తాయి కాయ గోలీలంత. ఆకులు సన్నబడ్డాయి, ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపు. యజమాని నారాయణస్వామిది ఒకటే మాట. ఇంకొక్క కాపు సూస్తా, రాకపోతే అన్నీ పెరికేసి మల్బరీ పెడతా అన్నాడు. పెరికే జీతగాణ్ణి నేనే కదా, అందుకే నాతో చెప్పాడు.

కమలాక్షి లారీ ఎక్కుతూ అంది, చెట్లకేమో ఆకు జబ్బు, నీకు నోరు జబ్బు, రెండూ బాగుసేసుకోప్పా, కాయుంటే వస్తాం, లేకుంటే యాల వస్తాం అని. నవ్వింది కూడా. ఊరందరితో పోట్లాడే నా నోరు ఆమె ముందు పెగలదు. థూ.

9 జనవరి 1979
మదనపల్లెలో ఎరువుల అంగడి మూలన పడున్న ఇంగ్లిష్ పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. పది పేజీలు. నేను చదివింది ఐదో క్లాసు. మిగతాది పాత డిక్షనరీ చదివించింది. ఒక బొమ్మలో అచ్చం మా ఆకు. జింక్ డెఫిషియన్సీ, అంటే జింకు లోపం. మట్టిలో ఉన్నా చెట్టుకు అందదట. కావలసింది చిటికెడే. అది లేకపోతే ఎంత ఎరువు వేసినా ఒంటికి పట్టదు.

రామప్ప దిష్టి అన్నాడు. నీ తలకాయ అన్నాను.

2 ఫిబ్రవరి
నారాయణస్వామి ఒక్క వరసకు మందు కొట్టి చూడ్డానికి ఒప్పుకున్నాడు. జింక్ సల్ఫేట్ తెప్పించాడు. అందులో లైమ్ కలపమని పుస్తకంలో ఉంది. డిక్షనరీ చూశాను. నిమ్మ. రెండు బుట్టల నిమ్మకాయలు పిండాను. చేతులు మండుతున్నాయి. ఒక్క వరసేంటి, చెట్లు పూత మీదున్నాయి, ఇప్పుడు ఆగితే ఈ కాపు పోతుంది. తోటంతా కొట్టేశాను. అక్టోబర్‌లో లారీ రావాలి.

6 ఫిబ్రవరి
ఆకులు మాడిపోయాయి. పూత రాలిపోయింది.

7 ఫిబ్రవరి
పొయ్యిలో పెట్టినట్టు కాల్చేసినావు కదరా ఇంగ్లిష్ దొరా, అన్నాడు నారాయణస్వామి. వెళ్లగొట్టలేదు. చెట్లు పెరకడానికి మనిషి కావాలి కదా.

19 ఫిబ్రవరి
మదనపల్లెలో వ్యవసాయ ఆఫీసరుకు మాడిన ఆకు చూపించాను. లైమ్ ఏం వేశావన్నాడు. నిమ్మరసం సార్ అన్నాను. టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. సున్నమయ్యా సున్నం, జింకు ఆకును కాల్చకుండా ఆపేది అదే, నువ్వు చెట్లకు షర్బత్తు పోశావా అన్నాడు.

డిక్షనరీలో అర్థాలు రెండున్నాయి. నేను మొదటిదాని దగ్గరే ఆగాను. బస్సులో పుంగనూరు దాకా పళ్లు కొరుక్కుంటూ వచ్చాను. ఆయన మీద కాదు.

11 జూలై
మల్బరీకి నీళ్ల కోసం బోరు వేసే మిషను రాలేదు. పెరకడం వాయిదా పడింది. వానకు చిగురు వేసింది. రామప్ప భార్య మునెమ్మ తన వక్కాకు సంచిలోంచి సున్నం డబ్బా తీసి నా మొహం ముందు పెట్టి, ఇదిగో లైమ్, బాగా సూసుకో నాయనా అంది. ఊరంతా ఇదే కూత. సున్నపునీళ్లు వడగట్టి జింకులో కలిపి, ఈసారి ఒక్క వరసకే కొట్టాను.

15 జూలై
ఏదీ మాడలేదు.

28 ఆగస్టు
కొత్తాకు వెడల్పుగా, పచ్చగా వచ్చింది. నారాయణస్వామి ఆకును తిప్పి తిప్పి చూసి, మిగతా వరసలకు ఎప్పుడు కొడతావురా అన్నాడు. మల్బరీ మాట ఎత్తలేదు.

24 అక్టోబర్
లారీ రాలేదు. ఏం కోయడానికి వస్తుంది? కుప్పానికి బస్సుంది. ఎక్కి, దిగి, ఏం చెప్పాలి? పూతంతా నేనే కాల్చాను, అందుకే నిన్ను చూడలేకపోయాననా? ఒక్క వరస అన్నప్పుడు ఒక్క వరసే కొట్టి ఉంటే, మిగతా చెట్ల గోలీకాయల కోసమైనా వచ్చేది.

17 అక్టోబర్ 1980
కాయ బరువుకు కొమ్మలు వంగిపోతుంటే గుంజలు ఆనించాం. ఎల్లుండి లారీ. గడ్డం గీసుకున్నాను. ఈ ముస్తాబంతా లారీకేనా అంది మునెమ్మ. పని సూసుకో అత్తా అన్నాను.

19 అక్టోబర్
వచ్చారు. కమలాక్షి లేదు.

కోతమేస్త్రి మునిరత్నమ్మను ముందు వేరేవేవో అడిగి, చివరికి అడిగాను. పోయినేడు నీ తోటలో కోత లేదు కదప్పా, ఆ పిల్ల కుప్పంలో ఊదొత్తుల కంపెనీలో చేరిపోయె, ఆడే ఒకణ్ణి పెండ్లి సేసుకొనె, నీ చెట్లు కాసేదాకా కూసోని ఉంటాదా, అంది. బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచింది.

20 అక్టోబర్
ఒక పండు ఒలిచి తిన్నాను. తియ్యగా ఉంది. ఒళ్లు మండింది.