బీడు గోధుమకు ఒక తడి

సంగాలపాడు,
20 జనవరి 1958

మహారాజశ్రీ కాలువల సెక్షను ఆఫీసరు గారి సముఖమునకు సంగాలపాడు రైతు శాంతయ్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా చేనులో గోధుమ పైరు ఉన్నదని తమరు ఒప్పుకొనవలెనని, ఒప్పుకొన్న పిమ్మట దానికి ఒక్క తడి ఇప్పించవలెనని మనవి.

1. పెద్దకాలువ తూము కింద నాకు మూడెకరాల నల్లరేగడి కలదు. ఈ యేడు గోధుమ వేసితిని. మా తాతల నాటి నుంచి ఈ నేలను యేటా నాగలితో తిరగవేసే అలవాటు లేదు. గుంటక తోలి పైపైన కలుపు కోసి, అడుగు పదును చెదరకుండా గొర్రుతో విత్తెదము. లోతుగా దున్నితే ఉన్న తేమ కాస్తా ఎండకు ఆరిపోవును. ఇంత ఘోరాన్ని సర్కారు వారి అనుమతి లేకుండా చేయుచుంటిమి.

2. నీటి పంపకానికి ముందు తమ సూపర్‌వైజరు గారు తనిఖీకి దయచేసిరి. జీపు దిగలేదు. నాగటి చాలు కనపడనందున "దున్నని భూమి, బీడు" అని వ్రాసుకొనిరి. బీడుకు నీళ్లు లేవని తమ ఉత్తరువు. అప్పటికి నా గోధుమ మోకాటి ఎత్తున ఉండెను. నా భార్య ఏసుమణి జీపుకు అడ్డం పోయి, "దొరా, ఒక్కసారి దిగి చూడండి, గోధుమ ఉండాది ఈడ" అని మొత్తుకొన్నది. "దున్నకుండా పంట ఎక్కడైనా పండుతుందా?" అని వారు సెలవిచ్చిరి. ఆ ప్రశ్న గోధుమను అడగవలసినది.

3. తమ ఆఫీసుకు వచ్చి మొరపెట్టుకొంటిని. గుమాస్తా గారు ఎంతో దయతో, "పొలం దున్ని చూపించు, నీళ్లిస్తాం" అనిరి. అయ్యా, దున్నితే నీళ్లు వస్తాయి, పైరు పోతుంది. దున్నకపోతే పైరు ఉంటుంది, నీళ్లు రావు. పైరు పోయిన తర్వాత ఆ నీళ్లు నా నెత్తిన పోసుకొనవలెనా అని అడిగితిని. అది వ్యవసాయ శాఖను అడగమనిరి.

4. తూము లస్కరు ఓబులేసు మంచివాడు. "నాకు కనపడతాండాది శాంతయ్యా, శానా పచ్చగా ఉండాది. కాగితంలో బీడు అని ఉంటే నేనేం జేసేది? తూమెత్తితే నా కొలువు పోతాది" అని బాధపడినాడు. మిగులు నీళ్లు మాత్రం నా గట్టు పక్కనే వాగులోకి పోతున్నవి. ఆ వాగును ఎవరు దున్నిరో విచారించవలెను.

5. పైరు ఇప్పుడు పొట్ట మీద ఉన్నది, వెన్ను ఇంకా కాడ లోపలే ఉన్నది. ఈ వారం తడి అందకపోతే వెన్ను బయటికి వచ్చినా గింజ పట్టదు. కిందటేడు జొన్న పోయింది. ఇదీ పోతే ఇంటికి తాళం వేసి పిల్లలతో డ్యాము పనికి, మట్టి మోసేందుకు పోవడమే. ఈ ఒక్క సంగతిలో నాకు వెటకారం రాలేదు, మన్నించవలెను.

కనుక నా పైరు పైరేనని చిత్తగించవలెను. అంత దూరం చిత్తగించుటకు వీలు లేనిచో, బీడుగానే ఉంచి, ఆ బీడుకే దయతో ఒక తడి ఇప్పించవలెను.

తమ విధేయుడు, బీడు రైతు,
శాంతయ్య

మళ్లీ మనవి: సంతకం చేసి చేనికి పోయేసరికి ఏసుమణి పొరుగు రైతు తిమ్మయ్య చేత నాగలి కట్టించి, జీపుదోవ వెంబడి అరెకరం పచ్చ పైరు దున్నించేసి, గట్టు మీద కూర్చొని ఏడుస్తున్నది. ఇదేం పనే అని అరిచినాను. "నీ అర్జీ పోయి జవాబు వచ్చేలోపల అంతా ఎండిపోతాది. ఇది పోతే పోనీ, మిగిలిందన్నా బతుకుతాది" అన్నది. సాయంత్రం ఆ దోవన వచ్చిన సూపర్‌వైజరు గారు జీపులోనుంచే నాగటి చాళ్లు చూసి సంతోషించి, "బీడు" కొట్టివేసి "దున్నిన భూమి" అని వ్రాసుకొనిరి. ఓబులేసు తూమెత్తినాడు. మిగిలిన చేను తాగుతున్నది. ఇక తమరు నాకు ఏమీ చేయనక్కరలేదు. దున్నిన చోట పడిన పైరు ఒక మోపు కట్టి దీనితోపాటు పంపుతున్నాను. ఒక్క కాడ పొట్ట చీల్చి చూడండి. లోపల వెన్ను ఉన్నది.