పలికిన నేల

పెదతోటవలస,
3 మే 2025.

చిరంజీవి తమ్ముడు దేవేంద్రకి అక్క తాయారు ఆశీస్సులు. మేమిక్కడ కులాసా. నువ్వు, మరదలు నీలవేణి, మేనకోడలు తన్మయి, జట్టులో అందరూ బాగున్నారని తలుస్తాను.

చేతిలో ఫోనుండగా ఈ రాతలేమిటని నవ్వకు. పసుపు రాసిన ఉత్తరం అందితేగాని మన తప్పెటగుళ్ళ జట్టు గజ్జె కట్టకూడదని నాన్న పెట్టిన రివాజు. ఊరి కమిటీ ప్రెసిడెంటు మీ బావే కాబట్టి రాసే పని నా మెడకి చుట్టుకుంది. వైశాఖ పౌర్ణమి సాయంత్రం మా ఊరి కొత్త కళావేదిక మీద మొదటి ఆట మీదే. తప్పక రావాలి.

వేదిక నువ్వు చూసిందే. నరసింగరావు గారు వాళ్ళమ్మ పేరున సొంత డబ్బుతో కట్టించారు. ఇప్పుడు రంగులు వేశారు, జనం కూర్చునే మెట్లు కూడా పూర్తయ్యాయి. అమ్మగారి పేరు ఎంతెంత అక్షరాలతో చెక్కించారంటే, కింద ఊరి పేరుకి చోటు చాల్లేదు. నేనామాటంటే, దానమిచ్చిన ఆవుకి పళ్ళెంచకూడదని మీ బావ కసిరారు.

మొన్న గాలివానకి వీధులన్నీ మునిగాయి గానీ వేదిక మీద చుక్క నిలవలేదు. రాళ్ళ సందుల్లోంచి ఎటో దిగిపోయింది. తుడిచే పని తప్పిందని అందరూ సంబరపడ్డారు. నడిమధ్య పెట్టిన మైకు పెట్టెలు ఒకపక్కకి ఒరుగుతుంటే కింద చెక్కలు దోపారు. తర్వాత అక్కడ ఎర్ర తివాచీ పరిచారు, చాలా అందంగా ఉంది. మా మేకలు మెట్ల మీదంతా పడుకుంటాయి, తివాచీ మీదికి మాత్రం ఒక్కటీ వెళ్ళదు.

ఊరంతా నీ మాటే చెప్పుకుంటున్నారు. కిందటి నెల నువ్వొచ్చి, ఆటకి ముందు నేలని అడగాలని నడిమధ్య మడమతో కొట్టావు కదా. గుమ్మని పలికింది. పలకని నేల మీద మా జట్టు ఆడదు, పలికిందంటే నేలతల్లి ఒప్పుకున్నట్టేనని నువ్వంటే నరసింగరావు గారికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఎవరైనా ఇంజనీరుకి చూపిద్దామన్నవాళ్ళు కూడా, తల్లే పలికినాక ఇంకేటి సూస్తారని ఊరుకున్నారు.

తన్మయిని గోపురం పైన నిలబెడతావట. కింద మగాళ్ళంతా భుజాల మీద భుజాలెక్కి, ఒక్కసారిగా అడుగు వేస్తుంటే పైన ఆ పిట్టంత పిల్ల. జాగ్రత్తే అని దానికి చెప్పాను. అదేమో ఫోనులో, అత్తా, నాను పడను, నువ్వు ముందు కూకుని సూడు అంటోంది. దాని కాలు జారదని నాకూ తెలుసు.

ఇట్లు,
నీ అక్క
తాయారు

తా.క. పైదంతా మీ బావ చదివి బాగుందన్నారు, పసుపు ఆయనే రాశారు. ఈ ముక్క పోస్టాఫీసు బల్ల మీద రాస్తున్నాను. తమ్ముడూ, ఆ రోజు పలికింది తల్లి కాదు, బావి. వేదిక కింద పాత నేలబావి ఉంది. పూడ్చేశారని ఊరు అనుకుంటోంది. పూడ్చలేదు, అడ్డంగా పలకలు వేసి పైన మట్టి పోశారు. పనికి తొందరపెట్టింది మీ బావే, నేను కళ్ళారా చూశాను. ఆ మట్టి ఇప్పుడు లోపలికి జారిపోతోంది. అడిగితే, తల్లి కంటే నీకెక్కువ తెలుసేటే అన్నారు. మీ బావ దొంగ కాదురా, నీ మాట నిజంగా నమ్మేశారు. నాకు అదే భయం.

రానని చెబితే పట్టుదలకి పోయి ఇంకో జట్టుని దింపుతారు. దాయాదుల్లో ఎవరో పోయారు, మైల వచ్చిందని ఫోను చెయ్యి. మైలంటే ముహూర్తం తోసేస్తారు, ఎవరి మాటా పోదు. ఈలోగా వానలు పడి ఆ నేల దానంతటదే కూలుతుంది. నువ్వు ఫోను చెయ్యగానే నేనిక్కడ ఏడుస్తాను, అందులో లోటు చెయ్యను. ఎవరూ పోకుండా మైల పట్టడం తప్పే. పోయాక పట్టేకంటే నయం.