జుమానా కింద పెట్టిన కప్పు

నా ప్రాణమైన చెల్లి నౌఫాకి,

పొద్దున్న రేడియో పెట్టగానే బ్యాండు మోగింది. మన దేశంలో వార్తల వేళకు బ్యాండు మోగిందంటే ఏమిటో ఖర్జూరాలమ్మేవాడికి కూడా తెలుసు కదా. అది ఆగాక, "ఒకటో నంబరు ప్రకటన" అంటూ గంభీరంగా ఒక గొంతు. ఎవరిదనుకున్నావు? మీ బావది! కర్నల్ ధియాబ్‌ది! రాజును దింపేశారట, ఇక మీ బావే అధ్యక్షుడట. పక్కింటి ఉమ్ జాసిమ్ చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తుకొచ్చి, "ఓసి ఫిద్దా, నువ్వింక రాణివే!" అని వీధి వీధంతా పోగుచేసింది.

రాణినట! సాయంత్రం పేపరులో ఫొటో చూశాను. మేడ మీద వరండాలో చెయ్యి ఊపుతూ ఆయన, పక్కన ఆ జుమానా, దాని చంకలో కొడుకు. కింద "అధ్యక్షుని సతీమణి" అని అచ్చు. మరి నేనెవర్ని? మనలో పెదనాన్న కొడుకుదే మొదటి హక్కు కదా అని ఊహ తెలియని వయసులో నన్ను ఆయనకు కట్టబెట్టారు. ఎడారి చౌకీల్లో ఆయన వెంట ఇసుక తిన్నది నేను. ఆయన భుజం మీద మొదటి నక్షత్రం కుట్టింది నేను. మేజరు హోదా వచ్చాక రేడియోలో వార్తలు చదివే దాన్ని చేసుకున్నాడు, అది మేడెక్కింది. నీ దగ్గర సిగ్గెందుకే, నాకు కుళ్లు. నిలువెల్లా కుళ్లు. సరిగ్గా దాని మొహం మీదికి వచ్చేలా ఆ పేపరును పప్పు గిన్నె కింద పెట్టాను.

నీ అక్క
ఫిద్దా


నౌఫా తల్లీ,

"ఓర్చుకో అక్కా, ఎప్పటికైనా నీ గడపకే వస్తాడు" అని రాశావు. నీ నోటి చలవ, వచ్చాడు. వెనకాల కార్లే కార్లు. పరాయి దేశపు రాయబారి ఒకడు మన నదిని చూస్తానన్నాడట. గొర్రెలు కోశారు, చేపలు కాల్చారు. కాఫీ మాత్రం నేనే కాచి, నేనే పోశాను. "ఎవరీవిడ?" అని ఆ రాయబారి అడిగాడు. మీ బావ నా వైపు చూడనైనా చూడకుండా, "మా చిన్నాన్న కూతురు" అన్నాడు.

అంతే. అబద్ధం కాదుగా! ఆయన కోటు మీద కాఫీ ఒలికింది. "చూసుకుని పొయ్యి" అన్నాడు.

ఊళ్లో అందరూ చెవులు కొరుక్కుంటున్నారు. తనతో కలిసి రాజును దింపిన స్నేహితులనే ఒక్కొక్కర్నీ జైల్లో తోస్తున్నాడట. సంతలో ఆయన పేరెత్తితే నవ్వడానికి కూడా భయపడుతున్నారు. నాకేమో, తిట్టుకున్నా సరే, దేశం సంగతి పట్టదు. కారులోంచి దిగనైనా దిగకుండా కూర్చుందే, ఆ జుమానా మెళ్లో ముత్యాల దండే కళ్లలో మెదులుతోంది.

నీ అక్క
ఫిద్దా


చెల్లీ,

మళ్లీ బ్యాండు మోగింది. విన్నావుగా? అదే బ్యాండు, అదే "ఒకటో నంబరు ప్రకటన", గొంతు మాత్రం ఇంకొకడిది. ఓడలు బళ్లవుతాయంటే ఇదే. మీ బావను చంపలేదు, దండు విడిదిలో బంధించారు. దేశం దాటిస్తారట. ఆయన కోసం ఏడ్చాను. ఏడుస్తూనే, జుమానా మేడ దిగిందని కడుపు చల్లబడింది. రెండూ నిజమే.

మర్నాడు అదే వచ్చింది, నా గడపకు! నల్లటి ముసుగు, దుమ్ము కొట్టుకున్న కాళ్లు, బోసి మెడ. చూడ్డానికి వీధిలో ఆడవాళ్లంతా నా ముంగిట్లోకి చేరారు. మర్యాద తప్పుతానా? కాఫీ పోసిచ్చాను. కప్పు అందుకుంది, పెదవికి తాకించకుండా నేల మీద పెట్టింది.

కప్పు కింద పెట్టారంటే ఏదో అడగడానికి వచ్చినట్టే కదా, ఇస్తామని మాటిస్తేనే తాగుతారు, తాగాక ఆ మాట తిరగదు. ఆ కాఫీ చల్లారిపోతే ఇంటి పరువే పోతుంది. "ముందు సంగతేమిటో చెప్పమ్మా" అనవచ్చు, మన పెద్దవాళ్లు అలాగే అనేవారు. కానీ అది నా కాళ్ల దగ్గర కూర్చుని ఉంటే, వీధంతా చూస్తుంటే, నాకు ఒళ్లు తెలియలేదే. తల దాచుకోవడానికి చోటడుగుతుంది, పొయ్యి దగ్గర ఓ మూల చూపిద్దాం అనుకున్నాను. "తాగు జుమానా! నా ప్రాణమడిగినా సరే, ఇచ్చాను పో" అన్నాను.

అది కప్పెత్తి, చుక్క మిగల్చకుండా తాగింది.

"అక్కా, ఆయన వెంట ఒక్క భార్యనే పంపుతారట. ఎవరు కావాలని అడిగితే, 'ఫిద్దాని పిలవండి' అన్నాడు. నేనక్కడే ఉన్నాను, నా వైపు కన్నెత్తి చూడలేదు. నువ్వు రానని చెప్పక్కా. ఇక్కడుంటే నా కొడుకుని వీళ్లు బతకనివ్వరు."

నౌఫా, ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. చివరికి అది ఎవరి నోటి వెంట విన్నానో చూడు! "కుదరదు పో" అనబోయాను. ఉమ్ జాసిమ్ నా మోచెయ్యి పట్టుకుని, "ఫిద్దా, కప్పు ఖాళీ అయిందే" అంది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం.

నీ అక్క
ఫిద్దా


ధియాబ్‌కి,

నన్ను తీసుకెళ్లడానికి జీపు వచ్చింది. రానని చెప్పి పంపేశాను. ఈ ఉత్తరం జుమానా చేతికే ఇస్తున్నాను. చదివితే చదవనీ.

నన్ను మహాతల్లినని ఎవరైనా అంటే నమ్మకు. జుమానాను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఓడలో నీ పక్కన అది కూర్చుంటుందని తలచుకుంటే ముద్ద దిగడం లేదు. నువ్వు నా పేరు చెప్పావని తెలిసింది. అదే చాలు అనను. చాలదు. ఆ రోజు ఆ రాయబారి ముందు చెప్పవలసిన మాట అది.

గింజలూ యాలకులూ మూట కట్టి ఇచ్చాను. కాఫీ కాయడం కూడా రాదు మహాతల్లికి! పొయ్యి దగ్గర కూర్చోబెట్టి నేర్పాను. వేయించడం, దంచడం, పొంగు రానివ్వడం, అన్నీ నేర్పాను. ఒక్కటి మాత్రం నేర్పలేదు. తాగిన ప్రతిసారీ ఏదో తక్కువైందని నీకు తెలుస్తుంది. ఏమిటని అది అడిగితే చెప్పకు.

ఈ ఉత్తరం రాసిందెవరని రేవులో ఎవరైనా అడిగితే, ఏం చెప్పాలో నీకు తెలుసుగా.

ఇట్లు
మీ చిన్నాన్న కూతురు
ఫిద్దా