కినకో దీపం ప్లగ్గు

చినామీ, ఏడున్నర రైలుకి మీ పిన్ని దగ్గరికి వెళ్తున్నాను. కొత్త గాజుతొట్టెలో ముందు బండరాయి పెట్టి, తర్వాత ఇసుక పొయ్యి. ఇసుక మీద రాయి పెడితే, మన తొండ కినకో కింద తవ్వుకుని నలిగిపోతుంది. దీపం సరిగ్గా రాయి మీద పడాలి. బోర్లించిన పూలకుండీ, నీళ్ల గిన్నె రెండో కొసన ఉంచు. రాయి వేడెక్కాకే తొండని వదులు.

అసలు కొత్త తొట్టె అక్కర్లేదే. పాతదాంట్లో ఏ లోపమూ లేదు. ఆ రెండో తొండ అజుకి చచ్చిపోయింది నీవల్ల కాదు. నువ్వు ఆఫీసుకి వెళ్లాక అన్నం కుక్కరు, నేను కాళ్లు కాచుకునే కొతాత్సు బల్ల, తొండల దీపం మూడూ కలిస్తే కరెంటు పోతోందని దీపం ప్లగ్గు నేనే పీకేదాన్ని. అన్నం ఉడికాక పెడదామనుకుని, కొతాత్సు దుప్పట్లో దూరి సాయంత్రం దాకా మర్చిపోయేదాన్ని.

"నాకు పెంచడం చేతకాలేదమ్మా" అని నువ్వు ఏడుస్తుంటే, "పోనీలే, ఎడారి ప్రాణం, మన చలికి ఆగలేదు" అన్నాను. ఆ చలి నేను పెట్టిందే.

పులుసు ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకో.

కొతాత్సుని విప్పి అటక ఎక్కించాను. నేను తిరిగొచ్చాక మోకాళ్లు నొప్పులని ఎంత సణిగినా దించకు.

అమ్మ